బూజు ఎవరిది? — కొండ ఇండ్లలో చెమ్మ, అద్దె, ధర్మము

మన భాషలో బూజు అను మాటకు రెండర్థములు కలవు. దూలముల సందులలో సాలెపురుగు అల్లిన దారములకు పొగయు దుమ్మును పట్టి వ్రేలాడు నల్లని పోగులను బూజు అందుము. పండుగ వచ్చుచున్నదనగా పొడవైన కర్రకు చీపురు కట్టి దానిని దులుపుదుము. చెమ్మగిల్లిన గోడపైనను, తోలు చెప్పులపైనను, మూత సరిగా పెట్టని ఊరగాయ జాడీలోను పచ్చగానో నల్లగానో తెల్లగానో మొలచుదానికిని బూజు అనియే పేరు. మొదటిది దుమ్ము, రెండవది ప్రాణము గలది. మొదటిదానిని దులిపిన పోవును. రెండవదానిని పొడిచీపురుతో దులిపినచో విత్తనములు చల్లినట్లు గది యంతటను వ్యాపించును.

ఇంటి యజమానులకును అద్దెకున్నవారికిని వానకాలమున వచ్చు తగవులలో అనేకము ఈ రెండర్థముల నడుమనే పుట్టుచున్నవి. యజమాని మొదటి అర్థమును పట్టుకొని, ఇల్లు శుభ్రముగా ఉంచుకొనుట కాపురమున్నవారి పని యనును. కాపురమున్నవారు రెండవ అర్థమును పట్టుకొని, గోడకు రోగము వచ్చినది, గోడ ఎవరిదో వైద్యమును వారిదే యందురు. ఇద్దరును తమకు తెలిసిన బూజును గూర్చి నిజమే చెప్పుచున్నారు. ఈ తగవునకు మన తూర్పు కనుమలలో ఒక చరిత్ర యున్నది. అరకులోయ ప్రాంతమును నిదర్శనముగా గొని ఆ చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచినాము.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. జూన్ నెలలో మొదలైన వానలు అక్టోబరు వరకు కొండలను వదలవు. నైరృతి ఋతుపవనము వెనుదిరిగిన తరువాత కూడ బంగాళాఖాతపు వాయుగుండములు ఒకటి రెండు ముసురులను తెచ్చుట కద్దు. వాన వెలిసిన దినమున మేఘమే లోయలోనికి దిగి గుమ్మములలోనుండి ఇంటిలోనికి నడచి వచ్చును. పిమ్మట చలికాలము. పగలు ఎండ కాసినను రాత్రి గోడలు మంచువలె చల్లబడును. చెమ్మకు ఇంతకంటె అనుకూలమైన స్థలమును వెదకి కనుగొనుట కష్టము.

అట్లయినచో ఈ కొండలలో తరతరములుగా కాపురమున్న బగత, కొండదొర, వాల్మీకి, పోర్జ, గదబ, కోటియ, కోదు జాతులవారు ఎట్లు నిలిచినారు? వారి పాత ఇంటిని చూచినచో సమాధానము దొరకును. కట్టినది మట్టిగోడ, దానిపై గడ్డి కప్పో నాటు పెంకో ఉండును. గదబల పాతకాలపు ఇండ్లు కొన్ని గుండ్రనివి. ఆకృతి ఏదైనను చూరు మాత్రము బాగుగా క్రిందికి దిగి అరుగును కప్పియుండును. లోనికి పోవలెనన్న తల వంచవలసినదే. పల్లమునుండి వచ్చినవారు దీనిని చూచి, ఇల్లు పొట్టిది, కిటికీ లేదు, చీకటి అని విమర్శించెదరు. కాని ఆ చూరు గోడకు పట్టిన గొడుగు. వాన నేరుగా గోడను తాకదు. అరుగు ఎత్తున ఉన్నందున నేలనీరు గోడ మొదటికి చేరదు. మట్టిగోడ తేమను కొంత పీల్చుకొని, ఎండ వచ్చినపుడు తిరిగి విడిచిపెట్టును. ఏటేట ఎర్రమన్నుతో గోడను, పేడతో నేలను అలుకుచుందురు. నడుమ ఇంటిలో పొయ్యి ఆరదు. దాని పొగ అటకమీది మొక్కజొన్న పొత్తులను, విత్తనపు గింజలను, కప్పుగడ్డిని ఎండబెట్టి పురుగు పట్టకుండ కాపాడును. ఆ పొగ కన్నులకును ఊపిరితిత్తులకును కీడు చేయుననుటలో సందేహము లేదు. పొగయిల్లే మేలని మేము వాదించుట లేదు. చెప్పదలచినది వేరొకటి. ఆ ఇంటిని కట్టినవారును, అందులో ఊపిరి పీల్చినవారును ఒక్కరే. గోడ చెమ్మగిల్లినచో ఎవరు పూత పూయవలెనను ప్రశ్నయే ఆ ఇంటిలో పుట్టదు.

ఆ ప్రశ్న కొండలకు పరాయి ఉద్యోగితో వచ్చినది. 1839లో చేసిన 24వ చట్టము గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండభాగములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నియమించి ఆయన చేతికి అప్పగించినది. ఏజెన్సీ యను పేరు నేటికిని మన నోట నిలుచుటకు కారణమిదే. ఏజెన్సీకి బదిలీ యనగానే ఆ కాలపు గుమాస్తా ఇంట విషాదము అలముకొనెడిది. కొండజ్వరము అంతటి భయంకరమైనది. గాలికొండమీద ఐరోపా సైనికులకు ఒక ఆరోగ్యనివాసమును ఏర్పరుపవలెనని 19వ శతాబ్దిలో జరిగిన ప్రయత్నము ఆ జ్వరముల మూలముననే విఫలమైనది.

జ్వరమునకు కారణమేమి? చెమ్మగాలి, చెడుగాలి యని నాటి వైద్యుల నమ్మకము. మలేరియా యను మాటకు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకమును మార్చిన పరిశోధన మన తెలుగుదేశముననే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోషి దోమ యని తేలినది. చెమ్మగాలి నిర్దోషియై బయటపడినది. లోకమునకు అది మహోపకారము. అయితే ఆ తీర్పుతో చెమ్మకు కావలసినదానికంటె ఎక్కువ విడుదల లభించినది. గోడమీది నల్లమచ్చ కంటికి వికారమే కాని ఒంటికి హాని కాదను భావము బలపడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మయు బూజును గూర్చి ప్రత్యేకముగా మార్గదర్శక గ్రంథమును వెలువరించుచు, బూజు పట్టిన ఇండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసము ఉద్రేకించుట ఎక్కువయని స్పష్టముగా చెప్పినది. ఇంత బూజు వరకు క్షేమము, అంతకు మించిన అపాయము అని కొలత గీయుటకు వీలులేదనియు, చెమ్మనే నివారింపవలెననియు ఆ గ్రంథపు సారాంశము. దోమ దోషియైనంత మాత్రమున బూజు సాధువు కాదు.

ఇక అద్దె యిండ్ల మాట. 1960వ దశకమున బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమును కొండలు తొలిచి వేసినారు. అరకుకు చేరువలోని శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. రైలుతో ఉద్యోగులు వచ్చినారు. బడులు, ఆసుపత్రులు, బ్యాంకులు, గిరిజనాభివృద్ధి కార్యాలయములు, కాఫీ తోటలు, పిమ్మట యాత్రికుల వసతి గృహములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. వచ్చిన ప్రతి ఉపాధ్యాయునికి, నర్సుకు, గుమాస్తాకు తల దాచుకొనుటకొక గది కావలెను. అందరికిని సర్కారు క్వార్టర్లు చాలవు. కాబట్టి అద్దె గది కొండమీద వెలసినది.

ఆ గది పాత కొండయిల్లు కాదు. సిమెంటు గోడ, పైన శ్లాబో రేకులో ఉండును. చూరు కురచయైనది. స్థలమునకు ఖరీదు వచ్చినందున అరుగు పోయినది. పొయ్యి పోయి గ్యాసు వచ్చినది, అది మంచిదే. కాని పొగతోపాటు నిత్యమును ఇంటిని ఆరబెట్టు వెచ్చదనమును పోయినది. సిమెంటు పూత లోపలి తేమను బయటికి పోనీయదు. రేకు రాత్రి చల్లబడి, లోపలివారి ఊపిరియందలి ఆవిరిని నీటిబొట్లుగా మార్చి తెల్లవారుజామున తిరిగి వారిపైననే రాల్చును. పల్లపుటెండలకు అలవాటైన నమూనాను కొండ ముసురులోనికి మోసికొనివచ్చుటయే ఇందలి పొరపాటు. ఇల్లు కట్టినవారొకరు, అందులో ఊపిరి పీల్చువారు వేరొకరు అయినారు. చెమ్మ ఎవరిదను ప్రశ్న అప్పుడు పుట్టినది.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న ముందుగా చెమ్మ జాతిని గుర్తింపవలెను. చెమ్మ మూడు త్రోవల వచ్చును. మొదటిది నేలచెమ్మ. పునాదిలో చెమ్మను అడ్డుకొను పొర వేయనిచో, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడ నేలనీటిని పైకి పీల్చును. గోడ అడుగున మోకాలు ఎత్తుననో నడుమెత్తుననో గీత గీసినట్లు మరక నిలుచును. దానిపై తెల్లని ఉప్పు పొంగును. పూత పొట్టులేచి రాలును. రెండవది వానచెమ్మ. శ్లాబు పగులు, విరిగిన పెంకు, కిటికీ పైని నెర్రె, కారు గొట్టము దీనికి ద్వారములు. వాన పడిన మరునాడు మచ్చ పెరుగును, ఎండకు తగ్గును. మూడవది ఆవిరిచెమ్మ. అన్నము వార్చిన గంజి ఆవిరి, స్నానపు వేడినీళ్లు, గదిలో ఆరవేసిన తడిబట్టలు, మన ఊపిరి — ఇవన్నియు గాలిలో కలిసి, చల్లని గోడ తగిలినచోట నీరగును. బీరువా వెనుక, మంచము మూల, గాలియాడని సందులలో నల్లని చుక్కలుగా కనబడునది సాధారణముగా ఇదియే. రేడియో పెట్టెను గోడకానించి పెట్టుకొన్న శ్రోతలు ఒకసారి దానిని ఇవతలికి జరిపి వెనుక చూచినచో మా మాట నమ్మెదరు.

మొదటి రెండు చెమ్మలు ఇంటి కట్టడమునకు సంబంధించినవి. అవి యజమాని భారము. మూడవదానిలో ఇరువురికిని భాగమున్నది. తడిబట్టలు గదిలో ఆరవేసి, కిటికీ మూసికొని కూర్చున్న తప్పు కాపురమున్నవారిది. గాలి పోవుటకు కిటికీయే పెట్టకుండ, వంటగదికి పొగగూడైనను లేకుండ కట్టిన తప్పు యజమానిది. అయిదు నెలలు ముసురు విడువని చోట బట్టలు ఆరవేయుటకు కప్పుగల వసారా లేనిచో అద్దెకున్న ఇల్లాలు ఎక్కడ ఆరవేయును?

ఇట్టి తగవులు నేటివి కావు. యూదుల ధర్మగ్రంథమైన లేవీయకాండము 14వ అధ్యాయమున గోడకు పట్టిన పచ్చని ఎర్రని మచ్చలను గూర్చి పెద్ద విధి యున్నది. ఇల్లు ఎవరిదో వాడే పోయి యాజకునికి తెలుపవలెను. ఇంటిని ఏడుదినములు మూసియుంచి మరల చూడవలెను. మచ్చ పెరిగినచో ఆ రాళ్లను తీసి ఊరిబయట పారవేసి, గోడ గీకి, క్రొత్త రాళ్లు పెట్టి, క్రొత్త పూత పూయవలెను. అప్పటికిని మచ్చ తిరిగి వచ్చినచో ఇల్లు పడగొట్టవలెను. చెప్పవలసినవాడు, చూడవలసినవాడు, గడువు, మరమ్మతు, చివరి నిర్ణయము — అన్నియు అందులో వరుసగా ఉన్నవి. మన కౌటిల్యుని అర్థశాస్త్రము ధర్మస్థీయాధికరణమున గృహవాస్తువును చెప్పుచు, ఇంటి నీరు పోవుటకు వాలుగా కాలువ చేసికొనవలెనని శాసించినది. అద్దె చెల్లించుచున్నవానిని వెళ్లగొట్టిన యజమానికిని, వలదన్నను ఇల్లు విడువని అద్దెవానికిని సమానముగా 12 పణముల దండన విధించినది. పరుషభాషణము, దొంగతనము, దౌర్జన్యము వంటి తప్పులు చేసినవానికి మాత్రము ఆ రక్షణ లేదు. రెండు ప్రక్కలను ఒకే తూనికలో తూచిన ఆ న్యాయము మెచ్చదగినది.

ఆధునిక కాలమున 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ విభాగము అద్దె సంబంధమునకు మూలసూత్రములను చెప్పినది. కంటికి కనబడని పెద్ద లోపము ఇంటిలో ఉన్నదని యజమానికి తెలిసియున్నచో, అద్దెకు వచ్చువానికి దానిని ముందుగా తెలుపవలెను. వేసవిలో చెమ్మగోడకు రంగు పూసి గదిని చూపించుట ఈ ధర్మమునకు విరుద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత తగిన వ్యవధిలో చేయనిచో, అద్దెకున్నవాడే చేయించుకొని ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చును. అద్దెకున్నవాడు సహజమైన అరుగుదల తప్ప ఇంటిని పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగింపవలెను. ఈ నియమములన్నియు ఒప్పందము గాని స్థానికాచారము గాని వేరుగా లేనపుడే వర్తించును. కాబట్టి ముందుగా చేసికొన్న మాటకు బలమెక్కువ.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టణములలో ఇండ్ల కరవు వచ్చినపుడు అద్దె నియంత్రణము మొదలైనది. మద్రాసు రాష్ట్రమున 1946లోను, 1949లోను చట్టములు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రమునకు 1954లో వేరొక చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రెండు ప్రాంతములకును కలిపి ఒకే చట్టము చేసినారు. న్యాయమైన అద్దెను నిర్ణయించుట, కారణము లేకుండ ఖాళీ చేయింపకుండుట, నీరు దీపము వంటి వసతులను యజమాని కక్షతో తొలగింపకుండుట ఇందలి ముఖ్యాంశములు. అందులోనే మరమ్మతు నిమిత్తము యజమాని ఇంటిని తాత్కాలికముగా స్వాధీనము చేసికొనుటకును వీలుండెడిది; మరమ్మతు ముగిసిన తరువాత పాత కాపురస్థునికే ఇల్లు తిరిగి ఇవ్వవలసియుండెడిది. ఇది న్యాయమైన ఏర్పాటే. కాని గోడ చెమ్మగిల్లినదని చెప్పినచో, అట్లయిన ఖాళీ చేయుడు, బాగు చేయించెదమను జవాబు వచ్చునేమో యను భయము అద్దెకున్నవారి నోటిని మూయించుటకు చాలును. చెమ్మకంటె ఈ మౌనమే ఇంటికి ఎక్కువ చేటు. మొదటి వానకు చెప్పినచో గుప్పెడు సిమెంటుతో పోవు నెర్రె, మూడవ ఏటికి శ్లాబునే తినివేయును.

ఈ 1960 చట్టమైనను కొండ ఎక్కినదా? అది హైదరాబాదు, సికింద్రాబాదు నగరములకును రాష్ట్రమందలి మునిసిపాలిటీలకును వర్తించునట్లు చేసినది; ఇతర ప్రాంతములకు వర్తింపజేయవలెనన్న ప్రభుత్వము వేరుగా ప్రకటింపవలసియుండెడిది. కొండమీది పంచాయతీ గ్రామము మునిసిపాలిటీ కాదు. ప్రభుత్వమునకు చెందిన భవనములకు ఆ చట్టము అసలే వర్తించెడిది కాదు. కొండలలో పెక్కుమందికి ఇల్లిచ్చు యజమాని ప్రభుత్వమే. వాన ఎక్కువయైన చోటికి గొడుగు రాలేదన్నమాట.

కొండకు వచ్చిన శాసనము వేరొకటి. వడ్డీవ్యాపారుల చేతులలోనికి గిరిజనుల భూములు పోకుండ 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదిలీ చట్టమును చేసినది. దానికి మారుగా 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన వచ్చినది. 1970లో దానిని మరింత కట్టుదిట్టము చేసినారు. బదిలీ యను మాటకు అందిచ్చిన నిర్వచనమున అమ్మకము, తాకట్టు, దానములతోపాటు కౌలు కూడ చేరినది. ఆ మాట ఎంత బరువైనదో బొర్రా ప్రాంతపు గనుల కౌలు విషయమై 1997లో సుప్రీంకోర్టు సమత వ్యాజ్యమున ఇచ్చిన తీర్పువలన దేశమంతటికిని తెలిసినది. గిరిజనుని నేలను కాపాడు ఈ శాసనము లేనిచో కొండలలో వారికి నిలువనీడయే ఉండెడిది కాదు. కాని నేలను గూర్చి ఇంత శ్రద్ధగా ఆలోచించిన శాసనము గోడను గూర్చి చెప్పవలసిన అవసరము ఆనాడు లేకపోయినది. స్థిరాస్తిని గూర్చిన ప్రతి కాగితమును ఈ శాసనపు నీడలోనే వ్రాయవలసిన చోట, ఇంటి అద్దె నోటిమాటగా నడచుట వింత కాదు. నోటిమాటలో నెలకెంత యనునది ఉండును. గోడ చెమ్మగిల్లిన ఎవరేమి చేయవలెననునది ఉండదు.

ఇచ్చట మరియొక సంగతి మరువరాదు. పట్టణములో యజమాని ధనికుడు, అద్దెకున్నవాడు పేదవాడను చిత్రము మనకు అలవాటు. కొండమీద అది తలక్రిందులు కావచ్చును. రెండేండ్ల కాఫీ, మిరియపు రాబడిని కూడబెట్టి రెండు గదులు వేసికొన్న గిరిజన కుటుంబము యజమాని. నెలజీతపు ఉద్యోగి అద్దెవాడు. శ్లాబుపై పూతకు ఒక్కసారిగా సొమ్ము తెచ్చుట ఆ యజమానికి కష్టము. రాత్రి అంతయు దగ్గు బిడ్డను ఎత్తుకొని కూర్చుండుట ఆ అద్దెవానికి కష్టము. తగవు ఇద్దరు దుర్మార్గుల నడుమ కాదు. రెండు ఇబ్బందుల నడుమ.

చట్టము బలముగా ఉన్న దేశములలోనైనను ఈ చిక్కు సులభముగా తీరలేదు. వేల్సులోని ఒక పురపాలక సంఘపు ఇంటిలో ఆవిరిచెమ్మవలన బట్టలు, సామానులు కుళ్లిపోయినవని అద్దెకున్నవారు న్యాయస్థానమునకు ఎక్కినారు. 1985లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానము, గోడ విరుగలేదు, కిటికీ చెడలేదు, ఇల్లు కట్టిన తీరే అట్టిది, చెడనిదానికి మరమ్మతు ఏమి యని యజమాని పక్షమున తీర్పు చెప్పినది. మన రేకు కప్పు సంగతియు ఇట్టిదే కదా! రేకు ఎక్కడను చిల్లు పడలేదు. అయినను తెల్లవారుజామున బొట్లు రాలును. నివాసయోగ్యత యను కొలతను అద్దె ఇండ్లన్నిటికిని తిరిగి తెచ్చిన చట్టము అచట 2018లో వచ్చినది. 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణమున రెండేండ్ల పసివాడు, బూజు పట్టిన అద్దె యింటి గాలి పీల్చి పీల్చి మరణించినాడు. తండ్రి ఏండ్ల తరబడి మొరపెట్టుకొన్నాడు. మీరు బ్రతుకు తీరు మార్చుకొనుడను సమాధానము దొరకినది. 2022 నవంబరులో మరణ విచారణాధికారి బూజే కారణమని తేల్చినారు. ఆ బాలుని పేర అవాబ్ చట్టమని ప్రసిద్ధమైన నియమములు 2023 చట్టమున చేరి, 2025 అక్టోబరు 27 నుండి సాంఘిక గృహములకు అమలులోనికి వచ్చినవి. ప్రాణాపాయమైనచో 24 గంటలలో బాగుచేయవలెను. పెద్ద చెమ్మ బూజులను 10 పనిదినములలో పరిశీలింపవలెను. పరిశీలన ముగిసిన 5 పనిదినములలో అపాయము తొలగింపవలెను. లేవీయకాండపు గడువులకు ఈ గడువులు ఎంత చేరువలో ఉన్నవో చూచితిరా!

మన దేశమున 2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టమున ఒక పట్టిక యున్నది. కట్టడపు మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు, గొట్టముల మార్పు యజమాని వంతు. కుళాయి వాషరు, కాలువ శుభ్రము, విరిగిన కిటికీ అద్దము వంటివి అద్దెవాని వంతు. ఇది నమూనా మాత్రమే. స్వీకరించుట రాష్ట్రముల ఇష్టము. అయినను ఆ పంపకము తెలివైనది. వెల్లను యజమాని వంతున వేయుటలో మన పెద్దల అనుభవము కూడ ఇమిడియున్నది. సున్నము తెలుపు కొరకు మాత్రమే కాదు. దాని ఘాటు క్షారము బూజును మొలవనీయదు. సిమెంటు గోడకు తళతళలాడు రంగు వేసికొన్న నాటినుండి ఆ రక్షణను మనము పోగొట్టుకొన్నాము.

ఈ కొండవారికి తేమను గూర్చి ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ దీనికి సాక్షి. గింజలో తేమ 12.5 శాతమునకు మించరాదని అంతర్జాతీయ కాఫీ సంస్థ 2004లో నిర్ణయించినది. మించినచో బూజు పట్టును, రుచి చెడును, విషము పుట్టును. అందుకే గింజను నేలకు తగులకుండ ఎత్తున పరచి, గంటగంటకు కలియదిప్పి, మంచు దిగకముందే కప్పి, ఎండినదాక కనిపెట్టియుందురు. బస్తాను గోడకు ఆనించరు, నేలపై పెట్టరు. కాఫీ బస్తాకు చేయు ఈ మర్యాదలో సగము ఉపాధ్యాయుని అద్దె గదికి చేసినచో చాలును: నేలనుండి ఎత్తు, గోడకు ఎడము, గాలికి త్రోవ, పైన కప్పు.

అందుచేత కొండ ఇంటి ఒప్పందమునకు ఒక కాలము, ఒక క్రమము కావలెను. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులునని సామెత. గోడలు బాగుగా ఎండియుండు కాలమిదే. మృగశిర ప్రవేశింపకముందే యజమానియు కాపురమున్నవారును కలిసి ఒకసారి ఇంటిచుట్టు తిరుగవలెను. పైకప్పు నెర్రెలు, చూరు, గోడ మొదట నీరు నిలుచు గుంట — వీనిని యజమాని చూచుకొనవలెను. అద్దెవారు బీరువాను గోడకు బెత్తెడు ఎడముగా జరిపి, వంటవేళ కిటికీ తెరచి, మచ్చ కనబడిన దినముననే చెప్పవలెను. పొడిచీపురుతో దులుపక తడిగుడ్డతో తుడువవలెను. సొమ్ము ఒక్కసారి తేలేని యజమాని ఉన్నచో, అద్దెవారు ముందుగా పెట్టుబడి పెట్టి నెలనెల అద్దెలో కొంత కొంత మినహాయించుకొనవచ్చును. 1882 నాటి సూత్రము ఇదియే కదా. ఏ నెల ఎంత మినహాయించినది ఒక నోటు పుస్తకమున వ్రాసి ఇద్దరును చేవ్రాలు చేసిన చాలును. అన్నిటికంటె ముఖ్యము, చెమ్మను గూర్చి చెప్పినవారిని ఖాళీ చేయింపబోమను మాట. ఆ మాట లేనిచో తక్కిన మాటలు నిలువవు.

పాత కొండయింటిలో ఈ పనులన్నియు ఒక్క కుటుంబమే చేసికొనెడిది. పైకప్పు సరిచేసిన చేయియు, అలికిన చేయియు ఒకే గుమ్మములోనివి. అద్దె ఆ రెండు చేతులను రెండిండ్లకు పంచినది. వాన మాత్రము పంచుకొనుట యెరుగదు. యజమాని గోడపైనను, అద్దెవాని ఊపిరిపైనను ఒకేమారు పడుచున్నది.